కొండమీది దుంగను గాలిలో దింపాలంటే

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. అనంతగిరి మండలంలో దారి లేని కొండవాలు మీద మీ కుటుంబానికి కాఫీ తోట ఉంది. అందులో నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లలో ముదిరినవాటిని కొన్నింటిని కొట్టించి అమ్మాలనుకుంటున్నారు. తోటకూ లారీ ఆగగలిగే చోటుకూ మధ్య ఒక గెడ్డ (కొండవాగు), ఐదారు వందల మీటర్ల నిట్టవాలు ఉన్నాయి. అమెరికా, కెనడాల్లో హెలికాప్టర్లతోనూ బెలూన్లతోనూ దుంగలను మోసుకురావడం వీడియోల్లో చూశారు కాబట్టి, అలాంటిది మన దగ్గర కుదురుతుందా, కుదిరితే ఏ పద్ధతి మేలు అని అడిగారు.

హెలికాప్టర్ వద్దు, బెలూన్ అసలే వద్దు, ఉక్కు తాడు మీద నడిచే తీగమార్గం మీ తోటకు సరిపోతుంది. ఇదీ క్లుప్తంగా నా సమాధానం. అయితే ఎందుకు వద్దో లెక్క తెలియకుండా వదిలేస్తే, రేపు ఎవరో ఒకరు డ్రోన్ కంపెనీ పేరు చెప్పుకుని వచ్చి మిమ్మల్ని మళ్లీ ఆలోచనలో పడేస్తారు. నేను విశాఖలో నౌకాదళ హెలికాప్టర్ల నిర్వహణలో పనిచేసి, పదవీ విరమణ తరువాత కొంతకాలం కెనడా పశ్చిమ తీరంలో దుంగలు మోసే కామోవ్ 32 హెలికాప్టర్లకు ఇంజినీరుగా ఉన్నాను. తీగమార్గాల పనిని కూడా అక్కడే దగ్గర నుంచి చూశాను. కాబట్టి ఈ రెండింటి గురించి కొంత విస్తారంగానే రాస్తాను.

అడవిలో చెట్టును కొట్టడం తేలిక, దుంగను రోడ్డు దాకా చేర్చడమే అసలు పని. వాలు ఒక మేరకు మించితే ట్రాక్టరు నిలబడదు, ఎద్దులు దిగలేవు. నేల మీద ఈడ్చిన దుంగ తన వెనుక ఒక గాడిని చీల్చుకుంటూ వస్తుంది. తొలకరి వానలకు ఆ గాడే కాలువగా మారి మట్టిని గెడ్డలోకి దింపుతుంది. మన తూర్పు కనుమల ఖోండలైట్ రాయి చివికి ఏర్పడిన ఎర్రమట్టి ఈ విషయంలో మరీ బలహీనం. అమెరికా పసిఫిక్ తీరంలో కూడా కలప కోసం వేసిన కొండ రోడ్లే చరియలు విరిగిపడడానికి పెద్ద కారణమని, ఆ మట్టి సాల్మన్ చేపలు గుడ్లు పెట్టే వాగులను పూడ్చేస్తోందని తేలిన తరువాతే రోడ్డు అవసరం లేని పద్ధతులకు గిరాకీ పెరిగింది. అంటే గాలి మార్గం పుట్టింది చెట్టు కోసం కాదు, రోడ్డు వేయకుండా తప్పించుకోవడం కోసం. ఈ సంగతి గుర్తుంటే ఖర్చు ఎక్కడ తిరగబడుతుందో తెలుస్తుంది.

హెలికాప్టర్‌తో వ్యాపార స్థాయిలో కలప మోయడం 1971లో కాలిఫోర్నియాలోని ప్లూమాస్ జాతీయ అటవీ ప్రాంతంలో, సికోర్‌స్కీ ఎస్-61 రకం యంత్రంతో మొదలైంది. ఆ తరువాత ఎస్-64 స్కైక్రేన్ ఈ రంగంలోకి దిగింది. మధ్యలో పొట్ట లేకుండా మిడతలా కనిపించే ఈ యంత్రంలో ‘ఈ’ రకం 20,000 పౌండ్లు, అంటే తొమ్మిది టన్నులకు పైగా, ‘ఎఫ్’ రకం 25,000 పౌండ్లు కొక్కేనికి తగిలించుకుని లేవగలవు. అందులో ఒక పైలట్ సీటు వెనక్కు తిరిగి ఉంటుంది, ఆయన దుంగను చూస్తూనే యంత్రాన్ని నడపగలరు. చిన్న తరహాలో కమాన్ కే-మాక్స్ ఉంది. 1994లో ధ్రువీకరణ పొందిన ఈ ఒంటి సీటు యంత్రానికి ఒకదాని రెక్కల మధ్య నుంచి మరొకటి తిరిగే జంట రోటర్లు ఉంటాయి, తోక రోటర్ ఉండదు. అది 6,000 పౌండ్లు, అంటే తన సొంత బరువు కంటే ఎక్కువే ఎత్తుతుంది. నేను పనిచేసిన కామోవ్ 32 ఐదు టన్నులు మోస్తుంది. విశాఖలో నౌకాదళం కామోవ్‌లు బీచ్ మీదుగా వెళ్లడం చూసినవారికి ఆ కుటుంబం పోలిక తెలుసు. ఒకే ఇరుసు మీద ఒకదానిపై ఒకటి ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు రోటర్లు ఉంటాయి. తోక రోటర్‌కు పోయే శక్తి మిగలడమే కాక, చెట్ల నడుమ తోక తగులుతుందన్న భయం కూడా ఉండదు. కలప పనిలో ఈ రెండో లాభమే పెద్దది.

ఒక విడత ఎలా నడుస్తుందో చెబుతాను. కోత కూలీలు కొన్ని రోజుల ముందే చెట్లను పడగొట్టి, కొమ్మలు నరికి, ముక్కలు కోసి ఉంచుతారు. ప్రతి దుంగకూ చోకర్ అనే ఉచ్చు తాడు తగిలించి ఉంటుంది. హెలికాప్టర్ సుమారు 60 నుంచి 90 మీటర్ల పొడవున్న తాడును వేలాడదీసుకుని వస్తుంది. తాడు అంత పొడవెందుకంటే యంత్రం చెట్ల తలలకు బాగా పైన ఉండాలి, రోటర్ గాలి కింద ఉన్న మనుషుల మీద పడకూడదు. తాడు చివరి కొక్కెం నేలకు తగిలే దాకా కింద ఉన్న కూలీ దాన్ని ముట్టుకోడు, ఎందుకంటే తిరిగే రెక్కల వల్ల యంత్రంలో స్థిర విద్యుత్తు పోగవుతుంది. తొందరపడి పట్టుకున్నవాడికి చెయ్యి జివ్వుమనడం కాదు, మనిషి కూలబడతాడు. కొక్కేనికి రెండు మూడు చోకర్లు తగిలించి అతను పక్కకు, ఎప్పుడూ వాలుకు ఎగువ వైపునకు, తప్పుకుని రేడియోలో ఒక్క మాట చెబుతాడు. పైలట్ కిటికీలోంచి తల బయటకు వంచి, నేరుగా కిందికి చూస్తూ నెమ్మదిగా ఎత్తుతాడు. దుంగ నేలను విడిచిన క్షణంలోనే కాక్‌పిట్‌లోని బరువు మీటరు అంకె చూపిస్తుంది. దింపుడు స్థలంలో దుంగ నేలను తాకగానే పైలట్ బొత్తం నొక్కి కొక్కెం విడిపిస్తాడు. ఈ రాకపోకంతా రెండు, మూడు నిమిషాలు. నాలుగో నిమిషం పట్టిందంటే ఆ రోజు లెక్క తప్పుతుంది.

ఈ పనిలో అతి ముఖ్యమైన మనిషి పైలట్ అని చూసేవాళ్లంతా అనుకుంటారు. నా ఉద్దేశంలో దుంగను ఎక్కడ కోయాలో రంపం పెట్టే ముందు నిర్ణయించేవాడే ముఖ్యం. నలభై సెంటీమీటర్ల సగటు వ్యాసం, నాలుగు మీటర్ల పొడవు ఉన్న దుంగ ఘనపరిమాణం అర ఘనమీటరు. పచ్చి కలపను ఘనమీటరుకు టన్నుగా లెక్కేసుకుంటే దాని బరువు అర టన్ను. అదే వ్యాసం నలభై ఐదు సెంటీమీటర్లైతే బరువు పాతిక శాతానికి మించి పెరుగుతుంది. కంటికి ఐదు సెంటీమీటర్ల తేడా తెలియదు కానీ మీటరుకు తెలుస్తుంది. బరువు ఎక్కువైతే ఎత్తి, ఎత్తలేక, వదిలేసి వెళ్లాలి. తక్కువైతే అదే ఖర్చుకు సగం సరుకు వస్తుంది. అందుకే అక్కడ కోత మనుషుల చేతిలో కొలత టేపుతో పాటు బరువు పట్టిక కూడా ఉంటుంది. ఈ పట్టిక అలవాటు మీకు తీగమార్గంలోనూ పనికొస్తుంది, దాని సంగతి తరువాత.

ఇంజినీరుగా నేను చూసిన ఖర్చు వేరు. మామూలు హెలికాప్టర్ గంటసేపు ఎగిరితే ఒకసారి లేస్తుంది, ఒకసారి దిగుతుంది. కలప యంత్రం అదే గంటలో ఇరవై, ఇరవై ఐదు సార్లు పూర్తి బరువు ఎత్తి, దింపి, ఖాళీగా తిరిగి వస్తుంది. గేర్‌బాక్సు మీద, రోటర్ తలకట్టు మీద భారం ఎక్కి దిగిన ప్రతిసారీ లోహం కొంత అలసిపోతుంది. అందువల్ల ఈ పనిలో భాగాల ఆయుష్షును ఎగిరిన గంటలతో మాత్రమే కాక, ఎత్తిన సార్లతోనూ లెక్కగట్టే పద్ధతి ఉంది. ఆ లెక్కను ఎగ్గొట్టినవాళ్లు ఏమయ్యారో చెప్పడానికి అలాస్కా చాలు. 1992 జనవరి నుంచి 1993 జూన్ దాకా ఏడాదిన్నరలో ఆగ్నేయ అలాస్కాలో కలప పనిలో ఉన్న హెలికాప్టర్లు ఆరు కూలి తొమ్మిది మంది చనిపోయారు. ఆ తరువాతే ఆ రంగంలో తనిఖీలూ శిక్షణా గట్టిపడ్డాయి. ఇంకో సంగతి, హెలికాప్టర్‌కు ఇంజను ఆగినా రెక్కలను గాలికి తిప్పుకుంటూ దిగే వీలుంటుంది కానీ, దానికి తగినంత ఎత్తో వేగమో ఉండాలి. దుంగను ఎత్తేటప్పుడు యంత్రం తక్కువ ఎత్తులో కదలకుండా నిలబడి ఉంటుంది, అంటే పని సమయంలో చాలా భాగం ఆ రెండూ లేని స్థితిలోనే గడుస్తుంది.

ఇక మన వాతావరణం. వేడెక్కిన గాలి పలచబడుతుంది, ఎత్తుకు పోయేకొద్దీ ఇంకా పలచబడుతుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు ప్రాంతంలో ఎండ 30 డిగ్రీలుంటే, రెక్కలకు అక్కడి గాలి 1,600 మీటర్లకు పైబడిన ఎత్తులో ఉండే గాలితో సమానం. కంపెనీ పుస్తకంలో రాసిన ఐదు టన్నులు అక్కడ ఐదు టన్నులుగా ఉండవు. కెనడా తీరపు చల్లని, బరువైన గాలిలో తీసిన వీడియో చూసి మన కొండల్లో అంచనా వేసుకోకూడదు.

ఇంధనం విషయంలో మాత్రం అనుకున్నంత ఘోరం కాదు, వింతగా అనిపించినా ఇది నిజం. స్కైక్రేన్ గంటకు సుమారు 2,000 లీటర్లు తాగుతుంది. గంటకు ఇరవై ఐదు విడతల్లో విడతకు ఏడు టన్నుల చొప్పున తెస్తే 175 టన్నులు. అంటే టన్నుకు పదకొండు, పన్నెండు లీటర్లు. నడ్డి విరిచేది ఇంధనం కాదు, విడిభాగాలూ బీమా, ఇద్దరు పైలట్లూ డజను మంది నేల సిబ్బందీ, యంత్రాన్ని అంత దూరం నుంచి తెచ్చి తిరిగి పంపే ఖర్చూను. పైగా ఆ 175 టన్నులు గంటలో మీ దింపుడు స్థలంలో పడితే వాటిని ఎవరు తీస్తారు? పది టన్నుల లారీలు గంటకు పదిహేడు కావాలి. మూడున్నర నిమిషాలకు ఒక లారీ నిండి కదలాలి. శృంగవరపుకోట నుంచి అనంతగిరికి ఎక్కే ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో, పర్యాటకుల బస్సుల మధ్య, అలా లారీలు దిగడాన్ని ఊహించుకోండి. దుంగలు గుట్టపడితే హెలికాప్టర్ ఆగాలి, ఆగినా దాని అద్దె ఆగదు. మీ తోటలోని సరుకు మొత్తం అలాంటి యంత్రానికి ఒక పూట పనికి కూడా చాలదు. వందల ఏళ్ల నాటి ఎర్ర సెడార్ వంటి ఖరీదైన కలప వేల టన్నుల్లో ఉన్న చోట గిట్టుబాటయ్యే లెక్క ఇది. ప్లైవుడ్‌కూ పెట్టెలకూ పోయే సిల్వర్ ఓక్‌కు సరిపడేది కాదు. రోటర్ గాలికి కాఫీ మొక్కల పూత, పిందె ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో చెట్టును పడగొట్టకుండానే తీసుకుపోయే పద్ధతి కూడా ఉంది. మనిషి ముందుగా చెట్టెక్కి కొమ్మలు, తల కోసేసి, మొదట్లో కాస్త మాత్రం వదిలి రంపపు కోత పెట్టి దిగిపోతాడు. తరువాత హెలికాప్టర్ కొండిలాంటి పట్టుతో నిలువు మానునే పట్టుకుని విరిచి ఎత్తుకుపోతుంది. నేల మీద ఒక్క గీత పడదు. చూడడానికి అద్భుతమే కానీ, కొమ్మలు కోయడానికి చెట్టెక్కినవాడి స్థానంలో నన్ను నేను ఊహించుకోలేను.

బెలూన్ల సంగతికి వస్తే, 1960లలో అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో కలప కంపెనీలు హీలియం నింపిన పెద్ద బెలూన్లను నిజంగానే వాడాయి. బెలూన్ తనంతట తాను ప్రయాణించదు, బరువును తేలిక చేయడం వరకే దాని పని. ముందుకూ వెనక్కూ లాగేవి నేల మీది వించీలూ (తాడును చుట్టుకుంటూ లాగే యంత్రాలు) ఉక్కు తాళ్లూనే. సముద్రమట్టం దగ్గర ఒక ఘనమీటరు హీలియం సుమారు ఒక కిలో ఎత్తుతుంది. పది టన్నులు ఎత్తాలంటే పదివేల ఘనమీటర్లు, అంటే గుండ్రంగా ఊహిస్తే ఇరవై ఏడు మీటర్ల వ్యాసం, తొమ్మిది అంతస్తుల భవనమంత బుడగ. అందులోంచి గుడ్డ బరువు, తాళ్ల బరువు తీసేయగా మిగిలేదే దుంగకు. అంత బుడగ గాలివానలో ఎక్కడ దాక్కుంటుంది? 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో, ఏజెన్సీలో సిల్వర్ ఓక్‌లను కాఫీ మొక్కల మీద ఎలా పడగొట్టిందో మీ ఇంట్లో పెద్దలకు నాకంటే బాగా తెలుసు. పైగా హీలియం మనకు ప్రధానంగా దిగుమతి సరుకు.

బెలూన్‌నూ హెలికాప్టర్‌నూ కలిపే ప్రయత్నం కూడా జరిగింది. అమెరికా అటవీ శాఖ కలప రవాణా కోసం పియాసెకీ కంపెనీ చేత చేయించిన హెలిస్టాట్‌లో, పాత నౌకాదళ గాలినౌక తొడుగు కింద చట్రానికి నాలుగు పాత సికోర్‌స్కీ హెలికాప్టర్లను బిగించారు. 1986 జూలై 1న న్యూజెర్సీలోని లేక్‌హర్స్ట్‌లో పరీక్ష జరుగుతుండగా, నేల మీద చక్రాల దగ్గర మొదలైన కంపనం చట్రమంతా పాకి, హెలికాప్టర్లు ఊడిపోయి యంత్రం ధ్వంసమైంది. ఒక పైలట్ ప్రాణం పోయింది. 1937లో హిండెన్‌బర్గ్ గాలినౌక తగలబడింది కూడా ఆ లేక్‌హర్స్ట్‌లోనే.

డ్రోన్ కంపెనీ మాట మొదట్లో ఎత్తాను కాబట్టి దాని గురించి ఒక మాట. మామూలుగా దొరికే సరుకు డ్రోన్లు పదుల కిలోల్లోనే మోస్తాయి. అర టన్ను దుంగను అవి మోయలేవు. కానీ తీగమార్గం వేయడంలో అతి కష్టమైన మొదటి పనికి, అంటే గెడ్డ మీదుగా కొండ పైకి మొదటి సన్నని తాడు చేర్చడానికి, డ్రోన్ దివ్యంగా పనికొస్తుంది. విద్యుత్ లైన్లు లాగేవాళ్లు మన దేశంలోనూ దాన్ని అలా వాడుతున్నారు. నైలాన్ దారం, దానికి కట్టి మందపాటి తాడు, దానికి కట్టి ఉక్కు తాడు, అలా ఒకదాని వెంట ఒకటి లాగుతారు.

ఇక తీగమార్గం. కైలాసగిరి రోప్‌వే ఎక్కినవారికి సూత్రం తెలుసు. బిగించిన ఉక్కు తాడు ఒకటి, దాని మీద కప్పీలతో నడిచే క్యారేజీ ఒకటి, దాన్ని లాగే సన్నని తాడు ఒకటి. కలప పనిలో క్యారేజీ నుంచి కొక్కెం కిందికి దిగి దుంగను పైకి ఎత్తుకుంటుంది. ఆ తరువాత దుంగ కాఫీ మొక్కల తలల మీదుగా, నేలకు తగలకుండా కిందికి వస్తుంది. స్విట్జర్లండ్‌లో వీసెన్ సంస్థ దశాబ్దాలుగా తయారుచేస్తున్న తీగ క్రేన్లు ఇలాంటివే. వాటి వించీ మంచు బండి లాంటి స్కీల మీద కూర్చుని ఉంటుంది. తన తాడు కొసను పైనున్న చెట్టుకు కట్టుకుని, దాన్ని తానే చుట్టుకుంటూ కొండెక్కి పోతుంది. దారి లేని కొండ పైకి వించీని ఎలా చేర్చాలన్న ప్రశ్నకు అంతకంటే తెలివైన జవాబు నేను చూడలేదు. మీరు వించీని ఎగువన పెట్టండి. దుంగ దిగేది భూమ్యాకర్షణతోనే కాబట్టి ఇంజను ఖాళీ క్యారేజీని పైకి లాగడానికే కావాలి. దిగేటప్పుడు పనంతా బ్రేకుది. అర టన్ను దుంగ 250 మీటర్లు కిందికి దిగితే మూడున్నర లీటర్ల నీటిని మరిగించేంత వేడి పుడుతుంది, వేగాన్ని అదుపు చేస్తే ఆ వేడంతా బ్రేకులోకే పోతుంది. పావుగంటకొక దుంగ దింపితే బ్రేకు ఎప్పటికీ చల్లారదు. అందుకే కొండ వించీలకు గాలి రెక్కలతో వేగాన్ని ఆపే ఏర్పాటు పెడతారు. నిర్మాణ పనుల వించీని అద్దెకు తెచ్చి ఇందుకు వాడతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

తాడు బిగువు దగ్గర మనవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. తాడును ఎంత బిగిస్తే అంత భద్రం అనుకుంటారు, నిజం దానికి పూర్తిగా విరుద్ధం. మూడు వందల మీటర్ల దూరానికి కట్టిన తాడు మధ్యలో అర టన్ను బరువు వేలాడుతూ, తాడు అక్కడ పదిహేను మీటర్లు కుంగేలా ఉంటే, ఆ బరువు వల్ల తాడులో పుట్టే లాగుడు రెండున్నర టన్నులు. బరువును దూరంతో గుణించి, కుంగుడుకు నాలుగు రెట్లతో భాగిస్తే వచ్చే అంకె అది. తాడు సొంత బరువు వల్ల ఇంకో ముప్పావు టన్ను, వాలులో ఎగువ చివర ఇంకాస్త కలుస్తాయి. అంతా కలిపి మూడుంబావు టన్నులనుకోండి. అదే తాడును ఆరు మీటర్లే కుంగేలా బిగిస్తే లాగుడు ఎనిమిది టన్నులు దాటుతుంది. పదహారు మిల్లీమీటర్ల ఉక్కు తాడు తెగే బరువు సుమారు పదిహేను టన్నులు. అందులో మూడో వంతు మాత్రమే వాడాలన్నది కనీస నియమం, అంటే ఐదు టన్నులు. మొదటి ఏర్పాటు ఐదు లోపల ఉంది, రెండోది ఎప్పుడు తెగుతుందో చెప్పలేం. అందుకే దుంగను నాలుగు మీటర్లకు మించిన పొడవుతో కోయవద్దు, దానికి కారణం కూడా ఇదే లెక్క. మీది ఐదారు వందల మీటర్లు కాబట్టి నడుమ ఒక ఆసరా పెట్టి దాన్ని రెండు అంగలుగా విడగొట్టండి.

ఆసరా చెట్టుగా సిల్వర్ ఓక్‌ను ఎంచుకోవద్దు. అది పెళుసు చెట్టు, గాలికే విరుగుతుంది. గట్టు మీద వేళ్లు తన్నిన మద్ది, నేరేడు లాంటివి చూసుకుని, వాటినీ వెనక్కు రెండు మూడు గై రోపులతో కట్టి నిలపాలి. చివరి లంగరుకు చెట్టు దొరక్కపోతే, లాగుడుకు అడ్డంగా రెండు మీటర్ల లోతు కందకం తవ్వి, అందులో లావు దుంగను పడుకోబెట్టి, దానికి తాడు చుట్టి పూడ్చాలి. ఎర్రమట్టిలో వాన కురిసిన మర్నాడు ఆ పూడిక మీద నమ్మకం పెట్టుకోకూడదు. ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు లంగరు దగ్గర నేల పగిలిందేమో కూర్చుని చూడాలి.

ఇందుకు మనుషుల కోసం స్విట్జర్లండ్ పోనక్కరలేదు. విశాఖ పోర్టులో, షిప్‌యార్డులో, ఉక్కు కర్మాగారంలో జీవితమంతా ఉక్కు తాళ్లతో పనిచేసిన ఖలాసీలు, రిగ్గర్లు ఉన్నారు. పని ఇచ్చే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. తాడు కొసను మడిచి బుల్‌డాగ్ క్లిప్పులు బిగించమనండి. క్లిప్పు జీను వైపు, అంటే తాడు కూర్చునే గాడి ఉన్న ముక్క, బరువు మోసే తాడు మీద, యూ ఆకారపు బోల్టు వైపు మడిచిన కొస మీద ఉండాలి. తిరగేసి పెడితే బోల్టు బరువు మోసే తాడును నలిపేస్తుంది. ఒకటి అటూ ఒకటి ఇటూ పెట్టేవాడు పని నేర్చుకోలేదన్నమాట. పదహారు మిల్లీమీటర్ల తాడుకు కనీసం మూడు క్లిప్పులు కావాలి, నేనైతే నాలుగు వేయిస్తాను. మధ్య దూరం సుమారు పది సెంటీమీటర్లు. తొలిసారి బరువు ఎక్కిన తరువాత తాడు సన్నబడుతుంది కాబట్టి నట్లను మళ్లీ బిగించాలి. ఈ చివరి మాట చెప్పకుండానే చేసేవాడిని మేస్త్రీగా పెట్టుకోండి. ఓడల తుక్కులోంచి వచ్చిన పాత తాడు చవగ్గా దొరుకుతుందని తీసుకోవద్దు. పరీక్ష పత్రంతో వచ్చిన కొత్త తాడే కొనండి. లాగుతున్న తాడు మలుపు తిరిగిన చోట, ఆ మలుపు లోపలి వైపు ఎవరూ నిలబడకూడదు. కప్పీ ఊడితే తాడు నేరుగా అటే కొడుతుంది.

ఇలా రోజుకు ఇరవై నుంచి ముప్పై దుంగలు, అంటే పది పదిహేను టన్నులు దిగుతాయి. రోజుకొక లారీ, మహా అయితే ఒకటిన్నర. మీ ఘాట్ రోడ్డు, మీ దింపుడు స్థలం, మీ కూలీలు తట్టుకోగలిగేది అంతే.

ఎప్పుడు చేయాలన్నది కాఫీయే నిర్ణయిస్తుంది. కాఫీ పండు కోత నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సాగుతుంది, మార్చి, ఏప్రిల్‌లలో పూత జల్లులు పడతాయి, జూన్ నుంచి కొండ నేల పనికి రాదు. కాబట్టి కోత ముగిసి పూత రాకముందు దొరికే ఆ కొద్ది వారాలే మీవి. తాళ్లు, లంగర్లు జనవరిలోనే సిద్ధం చేసుకుంటే తప్ప అవి చాలవు. మిరియాల తీగ పాకిన చెట్లను కొడితే తీగ కూడా పోతుంది, వాటిని మిరియం కోసిన తరువాతి వంతుకు ఉంచండి. ఒకేసారి నీడంతా తీసేస్తే కాఫీ మాడిపోతుంది కనుక చెట్లను వరసల్లో కాక అక్కడొకటి ఇక్కడొకటిగా ఎంచుకోవాలి. అలాంటి ఎంపిక కోతకు నేలను తాకని తీగమార్గమే అనువు.

అనుమతుల సంగతి ఆఖరున చెబుతున్నా, చేయవలసింది మాత్రం మొదటే. చెట్లు పట్టా భూమిలో ఉన్నాయా, అటవీ హక్కుల పత్రం ఉన్న భూమిలోనా, అటవీ అభివృద్ధి కార్పొరేషన్ తోటలోనా అన్నదాన్ని బట్టి దారి మారుతుంది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం అటవీ భూమిలో నరికివేత కేంద్రం ఆమోదించిన వర్కింగ్ ప్లాన్ మేరకే జరగాలి. మీది సొంత భూమే అయినా, తీగ గెడ్డ అవతల రిజర్వు అడవి మీదుగా పోతే, అక్కడి చెట్టుకు గై రోపు కట్టినా ఆక్షేపణ వస్తుంది. రేంజ్ ఆఫీసులో కోతకూ రవాణాకూ రాతపూర్వకంగా అడగండి, తీగ పోయే గీతను పటం మీద గీసి జతచేయండి.

ఆ పటం కోసం ఎలాగూ వాలును కొలవాలి కాబట్టి, ఎగువ లంగరు నుంచి దింపుడు స్థలం దాకా ప్రతి ఇరవై మీటర్లకు నేల ఎత్తు తీసుకుని గ్రాఫు కాగితం మీద గీయించండి. గెడ్డ ఒడ్డు, మధ్యలో ఏదైనా దిబ్బ ఉంటే అవి కూడా అందులో ఉండాలి. తీగ పదిహేను మీటర్లు కుంగినప్పుడు దుంగ దిబ్బకు తగులుతుందా, ఆసరా ఒకటి చాలా, రెండు కావాలా అన్నది ఆ గీత చూస్తేనే తేలుతుంది. గీత ఇక్కడ పెట్టండి, తాడు లెక్క నేను వేసి చెబుతాను.